చెవిన పడ్డ ప్రేమ

వీధి మలుపులో బండి ఇంకా కనిపించదు. అయినా ‘బుల్లెట్ వస్తోంది’ అనేస్తాం. బుల్లెట్‌కు ఒకటే సిలిండర్. లోపల క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట అంటుకుంటుంది. అందుకే దెబ్బకూ దెబ్బకూ మధ్య అంత తెరిపి. ఆ తెరిపి మన చెవికి కంఠతా వచ్చేసింది.

ఇటలీ మోటార్‌సైకిళ్ల మీద మనసు పారేసుకున్న చాలామందికి కూడా మొదట తగిలింది చెవికే. డుకాటి అనో, మోటో గుజ్జి అనో పేరు తెలియకముందే, ధర విని గుండె జారకముందే, ఆ చప్పుడు దూరమైపోయాక కూడా కాసేపు అటే చూస్తూ నిలబడిపోతారు. వేగం చూసి వలచేవాళ్లు ఉంటారు, ఎర్రరంగు చూసి వలచేవాళ్లూ ఉంటారు. ఇంకా వేగమైన బండి వచ్చిననాడు, ఇంకా నిగనిగలాడే రంగు వచ్చిననాడు ఆ వలపులు అటు తిరగొచ్చు. చెవిన పడ్డది మాత్రం అంత తేలిగ్గా పోదు. ఎందుకంటే ఆ చప్పుడు ఇంజను కట్టుబడిలోంచి, దాన్ని కట్టిన మనుషుల పట్టుదలలోంచి వచ్చింది.

మూడు, అయిదు

రెండు సిలిండర్లను 90 డిగ్రీల కోణంలో విచ్చుకున్నట్టు అమర్చి, రెండు పిస్టన్లనూ ఒకే క్రాంక్ పిన్నుకు తగిలించారనుకోండి. మొదటి సిలిండర్ పేలాక క్రాంక్ 270 డిగ్రీలు తిరిగేసరికి రెండోది పేలుతుంది. మళ్లీ మొదటిది పేలడానికి మాత్రం 450 డిగ్రీలు పడుతుంది. లెక్క కడితే మూడుకు అయిదు. వెంటవెంటనే రెండు దెబ్బలు, ఆ తర్వాత కాస్త ఊపిరి, మళ్లీ రెండు దెబ్బలు. ఎనిమిది దెబ్బల ఆదితాళానికి అలవాటుపడ్డ చెవికి ఈ విరుపు ఇట్టే తెలుస్తుంది. పైగా 90 డిగ్రీల కోణంలో పిస్టన్ల ఊపు ఒకదాన్ని ఒకటి చాలావరకు అణిచేసుకుంటుంది. దెబ్బ బలంగా వినిపిస్తుంది, చేతులకు తిమ్మిరి మాత్రం ఎక్కదు.

1971లో వచ్చిన డుకాటి 750 జీటీ నుంచి ఆ కంపెనీ గుర్తింపు ఈ అమరికే. ముందు సిలిండర్ దాదాపు నేలకు సమాంతరంగా ముందు చక్రం వైపు సాగి ఉంటుంది, రెండోది ఆకాశం వైపు చూస్తుంది. మోటో గుజ్జి వాళ్లు కోణం అదే ఉంచి ఇంజనును అడ్డంగా తిప్పేశారు. ట్యాంకుకు అటొకటి ఇటొకటిగా సిలిండర్లు గాలిలోకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. గుజ్జిని స్టార్టు చేసి నిలబెట్టి ఎక్సలేటర్ ఒక్కసారి తిప్పితే బండి మొత్తం కుడి వైపుకు ఒరుగుతుంది. క్రాంక్ షాఫ్ట్ బండి పొడవునా ఉండటంవల్ల, అది తిరిగే జోరుకు ఎదురు తోపు పక్కకు వస్తుంది. మొదటిసారి ఎక్కినవాళ్లు ఉలిక్కిపడతారు. రెండోసారి నవ్వుతారు. మూడోసారి, సిగ్నల్ దగ్గర ఏ అవసరమూ లేకపోయినా ఎక్సలేటర్ తిప్పుతారు.

పాత డుకాటిల్లో ఇంకో వింత ఉండేది. మామూలు బండిలో క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి నిశ్శబ్దంగా పని చేస్తాయి. డుకాటి చాలా ఏళ్లు పందెం బండ్లకూ వాటిని పోలిన రోడ్డు బండ్లకూ పొడి క్లచ్ వాడింది. బండి ఆగి ఉన్నప్పుడు క్లచ్ నొక్కితే ప్లేట్లు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. తెలియనివాళ్లు ‘ఏదో ఊడిపోయింది, చూసుకో బాబూ’ అని జాలిగా చెబుతారు. ఆ గలగల కోసమే పాత మోడల్ వెతికి కొనుక్కునేవాళ్లు ఉన్నారు. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. లోపంలా వినిపించేదాన్ని దాచిపెట్టని యంత్రం అది. నచ్చితే దానితో సహా నచ్చాలి.

ఈ మూడు-అయిదు నడక వినడానికి ఇటలీ దాకా పోనక్కర్లేదు. 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650లో రెండు సిలిండర్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. క్రాంక్ పిన్నులను మాత్రం 270 డిగ్రీల ఎడంతో పెట్టారు, పేలుళ్ల వరస అచ్చం అదే వచ్చేలా. మన రోడ్ల మీద దాన్ని విని ‘ఇది బుల్లెట్ కాదే’ అని తల తిప్పినవాళ్లు, తెలియకుండానే ఈ కథలోకి అడుగుపెట్టినట్టే.

కూలిన కప్పుల కింద

ఈ కంపెనీలు చాలావరకు మోటార్‌సైకిళ్ల కోసం పుట్టలేదు. డుకాటి 1926లో బొలోన్యాలో రేడియో విడిభాగాల సంస్థగా మొదలైంది; అడ్రియానో, మార్చెల్లో, బ్రూనో అనే ముగ్గురు అన్నదమ్ములు తండ్రితో కలిసి పెట్టారు. బోర్గో పనిగాలేలో కట్టుకున్న పెద్ద ఫ్యాక్టరీ మీద 1944 అక్టోబరులో బాంబులు పడ్డాయి. యుద్ధం అయ్యాక రేడియోలు కొనే స్తోమత ఎవరికీ లేదు. మనుషులు పనికి వెళ్లిరావాలి, పెట్రోలు దొరకదు. అప్పుడు సైకిలుకు తగిలించుకునే ‘కుచ్చొలో’ అనే 48 సీసీ చిన్న ఇంజను చేతికొచ్చింది. ట్యురిన్‌లోని సియాటా అనే సంస్థ దగ్గర హక్కులు తీసుకుని 1946లో డుకాటి దాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. నేటి లక్షల రూపాయల ఎర్ర బండ్లకు మూలం ఆ సైకిలు ఇంజనే.

విమానాలు చేసేవాళ్ల సంగతీ ఇంతే. ఓడిపోయిన ఇటలీకి విమానాల తయారీ మూతపడింది. అగస్టా కుటుంబం దగ్గర లోహం తెలిసిన పనివాళ్లు ఉన్నారు, పని లేదు. దొర దొమెనికో అగస్టా 1945లో వెర్గెరాలో మోటార్‌సైకిళ్ల సంస్థ పెట్టాడు. అదే ఎంవీ అగస్టా. వారేజేలోని ఎయిర్‌మాకీ కూడా విమానాల నుంచే బండ్లకు మళ్లింది. పొంతెదేరాలో పియాజియో వాళ్ల విమాన ఫ్యాక్టరీ శిథిలమైతే, హెలికాప్టర్ల మీద పనిచేసిన కొరాదినో దస్కానియో అనే ఇంజనీరు వాళ్ల కోసం గీసిన వెస్పా 1946లో వచ్చింది. గాలిలో ఎగిరేదాన్ని తేలిగ్గా, గట్టిగా, అందంగా కట్టడం నేర్చిన చేతులు నేల మీద రెండు చక్రాల మీదికి వచ్చాయి. ఇటలీ బండిలో ఒక చిన్న బ్రాకెట్‌ను కూడా తేలిగ్గా మలచాలన్న తపన కనిపిస్తుందంటే, దాని వేళ్లు ఇక్కడున్నాయని నా నమ్మకం.

మోటో గుజ్జి కథ ఇంకా పాతది, ఇంకా బరువైనది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ వైమానిక దళంలో ముగ్గురు స్నేహితులు కలిశారు. కార్లో గుజ్జి మెకానిక్. జోర్జో పరోడీ, జొవాన్నీ రవెల్లి పైలట్లు. రవెల్లి అప్పటికే బండి పందేల్లో పేరున్నవాడు. యుద్ధం అయ్యాక గుజ్జి బండి గీయాలి, పరోడీ పెట్టుబడి తేవాలి, రవెల్లి పందేల్లో తోలి గెలవాలి. ఇదీ ఒప్పందం. యుద్ధం ముగిసింది. 1919లో రవెల్లి విమాన ప్రమాదంలో పోయాడు. మిగిలిన ఇద్దరూ ఓడల వ్యాపారి అయిన పరోడీ తండ్రి ఆసరాతో 1921 మార్చిలో కంపెనీ పెట్టారు. పోయిన మిత్రుడి గుర్తుగా ట్యాంకు మీద రెక్కలు చాచిన గద్దను వేశారు. నూరేళ్లు దాటినా ఆ గద్ద అక్కడే ఉంది. కొమో సరస్సు ఒడ్డున మాందెల్లో దెల్ లారియో అనే చిన్న ఊళ్లో, పుట్టిన చోటే ఫ్యాక్టరీ కూడా ఉంది.

ఆ చిన్న ఊళ్లోనే 1950లో, మనిషి కూర్చున్న నిండు బండి పట్టే గాలి సొరంగం కట్టారు. జూలియో చెజారే కర్కానో అక్కడే 1955లో 500 సీసీ పందెం బండికి ఎనిమిది సిలిండర్ల ఇంజను తయారుచేశాడు. ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది కార్బురేటర్లు. గంటకు దాదాపు 275 కిలోమీటర్ల వేగం అందుకుంది, 1950ల నాటి టైర్ల మీద. 1957 చివర ఖర్చు భరించలేక గుజ్జి పందేల నుంచి తప్పుకుంది, ఆ ఇంజనుతో ప్రపంచ టైటిల్ రాలేదు. అదే కర్కానో తర్వాత గీసిన అడ్డం ఇంజనుతో 1967లో వీ7 అమ్మకానికొచ్చింది. ఈనాటికీ గుజ్జికి గుర్తింపు ఆ అడ్డం ఇంజను అమరికే.

ఇమోలా, 1972 ఏప్రిల్ 23

డుకాటి మీద లోకానికి మనసు పడ్డ రోజు ఏదని అడిగితే నేను ఈ తేదీయే చెబుతాను. దాని వెనక ఫాబియో తలియోని అనే మనిషి ఉన్నాడు. 1954లో డుకాటిలో చేరాడు. ఆ రోజుల్లో వేగంగా తిరిగే ఇంజన్లకు ఒక రోగం ఉండేది. వాల్వును కామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. వేగం హద్దు దాటితే స్ప్రింగు వెనకబడుతుంది. వాల్వు మూసుకునేలోపు పిస్టన్ వచ్చి గుద్దితే ఇంజను ముక్కలే. తలియోని స్ప్రింగును నమ్మడం మానేశాడు. తెరవడానికి ఒక కామ్, మూయడానికి ఇంకో కామ్ పెట్టాడు. ‘డెస్మో’ అని డుకాటి అభిమానులు భక్తిగా పలికేది దీన్నే. 1956లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో జాన్నీ దెల్యాంతోని 125 సీసీ డెస్మోతో మొదటి పందెంలోనే గెలిచాడు. కొద్ది వారాలకే మోన్జాలో సాధన చేస్తూ చనిపోయాడు. ఈ చరిత్రలో గెలుపూ చావూ ఇలా పక్కపక్కనే నడుస్తాయి. గెలుపు ఒక్కటే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు.

ఇటలీలోని ఇమోలా ట్రాక్‌లో 1972లో 200 మైళ్ల పందెం, 750 సీసీ బండ్లకు. రోడ్డు బండి నుంచి పుట్టిన ఇంజనుకు తలియోని డెస్మో తల బిగించాడు. తోలడానికి బ్రిటన్ పందేల వీరుడు పాల్ స్మార్ట్‌ను అడిగారు. ఆయన అమెరికాలో ఉంటే ఫోను ఎత్తింది భార్య మ్యాగీ. ఆయన తరఫున ఆవిడే సరేనంది. అంతకుముందు ఎన్నడూ తోలని బండి. ఎదురుగా ఎంవీ అగస్టా మీద జాకమో అగోస్టిని, ఆ కాలానికి ఎదురులేనివాడు. మొదట ముందున్నది అగోస్టినియే. తర్వాత స్మార్ట్ దాటాడు, డుకాటిలోని సహచరుడు బ్రూనో స్పజ్జారీ కూడా దాటాడు. అగోస్టిని బండి మధ్యలోనే ఆగిపోయింది. డుకాటిలు రెండూ వరసగా ఒకటి, రెండు స్థానాల్లో గీత దాటాయి.

మరో ఆరేళ్లకు, ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీకి 11 ఏళ్లు దూరంగా ఉండి తిరిగొచ్చిన మైక్ హేల్‌వుడ్, 38 ఏళ్ల వయసులో డుకాటి మీద గెలిచాడు. ఆ మరుసటి ఏడాది నుంచి ఆ బండి పోలికతో, ఆయన పేరుతో రోడ్డు బండి అమ్మారు. ఇంగ్లండులో ఒక తరం ఇటలీ బండ్లకు దాసోహమైంది ఆ గెలుపు చూసే.

ఇక ఇటాలియన్ల సొంత ప్రేమ. అగోస్టిని 15 ప్రపంచ టైటిళ్లలో 13 ఎంవీ మీద గెలిచినవే. 500 సీసీలో ఇటలీ బండి మీద ఇటలీ రైడర్ చివరిసారి చాంపియన్ అయింది 1972లో, ఆయనే. తర్వాత ఏళ్లకేళ్లు జపాన్ బండ్ల రాజ్యం. తవుల్లియా ఊరి కుర్రాడు వాలెంటీనో రోసి గెలిచినప్పుడల్లా ఊరి చర్చి గంట మోగించేవారు, కానీ పెద్ద తరగతిలో ఆయన గెలిచింది హోండా, యమహాల మీద. 2011, 2012లో రోసి డుకాటి ఎక్కినప్పుడు దేశమంతా ఊపిరి బిగబట్టింది. ఒక్క పందెం కూడా గెలవలేదు. ఆ బాధ 2022లో తీరింది. రోసి దగ్గరే రాటుదేలిన ఫ్రాంచెస్కో బన్యాయా, 500 సీసీ స్థానంలో వచ్చిన మోటోజీపీలో డుకాటి మీద చాంపియన్ అయ్యాడు. సరిగ్గా 50 ఏళ్ల ఎదురుచూపు.

కంటికి దొరికిపోయినవాళ్లు

చెవి సంగతే ఎక్కువ చెప్పాను. కన్ను వాటా కూడా ఉంది, అది ప్రధానంగా ఒక్క మనిషి వాటా. మాస్సిమో తంబురీని రిమినీలో ఇళ్లకు వేడిగాలి గొట్టాలు బిగించే వ్యాపారంలో ఉండేవాడు. మిసానో ట్రాక్ మీద హోండా తోలుతూ పడి ఎముకలు విరగ్గొట్టుకుని, ఇంజను బాగానే ఉంది, దాన్ని మోసే చట్రమే బాగాలేదని తేల్చుకున్నాడు. తానే చట్రం చేశాడు. అదే బిమోటా మోటార్‌సైకిళ్లకు మొదలు. 1994లో ఆయన డుకాటి 916 తెచ్చాడు. సన్నటి జంట దీపాలు, సీటు కిందికి మళ్లిన సైలెన్సర్లు, వెనక చక్రాన్ని ఒక్క వైపునుంచే పట్టుకున్న చేయి. రెండో వైపునుంచి చూస్తే చక్రం దేనికీ తగలకుండా నిలబడ్డట్టు ఉంటుంది. అందం ఒక్కటే కాదు, కార్ల్ ఫొగార్టీ ఆ వంశం బండ్ల మీద నాలుగుసార్లు సూపర్‌బైక్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1998లో న్యూయార్క్ గూగెన్‌హైమ్ మ్యూజియం మోటార్‌సైకిళ్ల ప్రదర్శన పెట్టినప్పుడు చిత్రాలూ శిల్పాలూ ఉండే ఆ అంతస్తుల్లో 916 కూడా నిలబడింది. 2014లో తంబురీని పోయాడు. ఆయన గీసిన ఆ గీతలకు ఇంకా వయసు రాలేదు.

దానికన్నా ఎక్కువమందిని చేయిపట్టి తెచ్చింది మాత్రం 1993 నాటి డుకాటి మాన్‌స్టర్. మిగెల్ గలూజ్జి ఉన్న బండ్ల నుంచే చట్రం, ఇంజను, ఫోర్కులు తీసుకుని, తొడుగులన్నీ వలిచేసి గీశాడు. ఇంజను, ట్యాంకు, సీటు, హ్యాండిల్, అంతే. లోపల దాచడానికి ఏమీ లేదు. ధర అందుబాటులోకి తేవడానికి 600 సీసీ కూడా వచ్చింది. యూరప్‌లో చాలామందికి మొదటి ఇటలీ బండి అదే.

కట్టుకున్నాక

ఇష్టపడటం ఒకటి, ఇంటికి తెచ్చుకోవడం ఒకటి. పాత ఇటలీ బండ్ల కరెంటు వైరింగు మీద ఉన్న చెడ్డపేరు ఊరికే రాలేదు. డెస్మో వాల్వులకు తెరిచే వైపూ మూసే వైపూ ఖాళీలు సరిచూడాలి, అంటే మామూలు ఇంజనుకు రెట్టింపు పని, దానికి తగ్గ బిల్లు. పాత రెండు సిలిండర్ల డుకాటిలు చాలావాటిలో కామ్‌లను తిప్పే బెల్టులు రెండేళ్లకోసారి మార్చాలి. బండి తోలినా, షెడ్డులో ఉంచినా సరే. ఒక బెల్టు తెగితే ఇంజను మీద ఆశ వదులుకోవడమే. విడిభాగం ఓడెక్కి వచ్చేదాకా బండి కవరు కిందే.

కంపెనీకీ ఇది తెలుసు. 2021 మల్టీస్ట్రాడా వీ4కు డెస్మో తీసేసి స్ప్రింగులు పెట్టారు. వాల్వుల పరీక్ష 60,000 కిలోమీటర్లకు ఒకసారి చాలు. తలియోని పేరు తలచుకుని బాధపడినవాళ్లు ఉన్నారు. నాకైతే దూరాలు తిరిగే బండికి అది సరైన పనే అనిపించింది. అయినా నాలుగు సిలిండర్లు వచ్చాక కూడా పాత నడక పోనివ్వలేదు. పనిగాలే వీ4లో సిలిండర్లు జంటలు జంటలుగా దగ్గరదగ్గరగా పేలేట్టు అమర్చి, పాత రెండు సిలిండర్ల విరుపును గుర్తుచేసేలా చేశారు. చెవి ఎంత ముఖ్యమో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

మన ఇంటి ముందు నిలిచిన ఇటలీ

తెలుగు ఇళ్లలో ఇటలీ బండి కొత్తేమీ కాదు. బజాజ్ వాళ్లు 1960ల్లో పియాజియో హక్కులతో వెస్పాలు చేశారు. 1972లో వచ్చిన చేతక్ ఆ పోలికే. ఇంజను కుడి పక్కకు ఒదిగి ఉండటం, గేర్లు ఎడమ పిడిలో తిరగడం, రేకే చట్రమై బరువు మోయడం, అంతా దస్కానియో గీసిందే. పొద్దున్నే కిక్‌కు పలక్కపోతే బండిని ఒక పక్కకు వంచి, కాసేపాగి, మళ్లీ కొట్టిన నాన్నలందరూ ఇటలీ యంత్రంతోనే కాపురం చేశారు. మిలాన్‌లో పుట్టిన లాంబ్రెట్టా తర్వాత లక్నోకు వచ్చింది; హైదరాబాదులో తయారైన ఆల్విన్ పుష్పక్ కూడా ఆ లాంబ్రెట్టా వంశమే.

బెనెల్లి బండ్లను 2018 నుంచి హైదరాబాదు శివారు పోచారంలో బిగిస్తున్నారు. 1911లో పెసారోలో తెరెజా బెనెల్లి అనే వితంతువు, ఆరుగురు కొడుకులకు ఒక బతుకుతెరువు ఉండాలని ఉన్నదంతా పెట్టి తెరిపించిన రిపేరు షాపు నుంచి వచ్చిన పేరది. 2005 నుంచి యాజమాన్యం చైనా సంస్థది కాబట్టి అది ఇటలీ బండి కాదని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. మరో ఇటలీ సంస్థ అప్రిలియా తెచ్చిన ఆర్‌ఎస్ 457 అయితే మహారాష్ట్రలోని బారామతిలోనే తయారై, 2023 చివర 4.10 లక్షల షోరూం ధరతో వచ్చింది. ఇందులోనూ క్రాంక్ పిన్నులు 270 డిగ్రీల ఎడంలోనే ఉన్నాయి. డుకాటి అందనివాళ్లకు ఆ మూడు-అయిదు నడక వినిపించే నిజాయితీ గల బండి ఇదేనని నా అభిప్రాయం.

కుర్రవాళ్లకు ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో 150 సీసీ బండ్లకు సైలెన్సర్లు పీకి, రంధ్రాలు పొడిచి తిరగడం, పోలీసులు ఆ సైలెన్సర్లను పట్టుకుని రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించడం చూస్తూనే ఉన్నాం. ఎంత కోసినా ఒంటి సిలిండర్ బండి డుకాటిలా మోగదు. ఆ నడక క్రాంక్ షాఫ్ట్‌లో ఉంది, గొట్టంలో లేదు. గొట్టం కోస్తే పెరిగేది మోత ఒక్కటే, దానితో పక్కింటి పసిపాపకు నిద్ర చెడుతుంది. ఆ డబ్బుతో ఒక మంచి హెల్మెట్ కొనండి. ఏ షోరూంలోనైనా మంచి రెండు సిలిండర్ల బండి టెస్ట్ రైడ్ ఇస్తామంటే వెళ్లి, స్టార్టు చేసి, తోలేముందు ఒక్క నిమిషం వినండి. మీ బండికి కంపెనీ బిగించిన సైలెన్సర్‌ను మాత్రం అలాగే ఉండనివ్వండి.